పొయ్యిలో పడ్డ పరమాణువులు

పరమాణువును పగలగొట్టడానికి లోకంలోని మహామహులు ఎన్ని తిప్పలు పడ్డారో చదువుకున్నవాళ్లు కథలు కథలుగా చెబుతారు. మన బొంగరానికి మాత్రం ఒక గొడ్డలి, ఒక ఆవులింత సరిపోయాయి. పొద్దున్నే లేచి, మూడు పరమాణువులను నిలువునా చీల్చి, జిగురు కాచే పొయ్యిలో పెట్టేశాడు. పెట్టి, చలి కాచుకుంటున్న పెద్దమనిషిలా చేతులు చాపుకుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో గొడుగు దులుపుతూ మ్యూజియం గైడమ్మ ప్రత్యక్షమైంది.

"ఆ పొయ్యిలో ఉన్నదేమిటి?" అంది.

"కర్ర" అన్నాడు బొంగరం.

"ఏం కర్ర?"

"గుండ్రటి కర్రండీ."

ఆమె వంగి చూసింది. మంటలో ఒక అరబంతి ఎర్రగా కాలుతోంది. దాని పక్కన ఆకుపచ్చ రంగు చిటపటలాడుతూ కారుతోంది.

"అది మా డాల్టన్ కదూ! అయ్యో, ఆ పక్కన కారుతున్నది థామ్సన్ పుచ్చకాయ! మరి రూథర్‌ఫర్డ్ ఏడీ?"

"ఆయన ముందే అయిపోయాడండీ. అన్నీ సన్నపుల్లలు కదా, తొందరగా అంటుకున్నాడు."

"మీకు మతి ఉందా?"

"ఉందండీ. అది తప్పు సరుకని మీరే చెప్పారుగా!"

ఈ మాటకు ఆమె పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఆ స్టూలుకు ఇంకా మూడో కాలు బిగించలేదు. అందుకని ఆమెతోపాటు స్టూలు కూడా కూలబడింది. లేవదీద్దామని బొంగరం చెయ్యి అందించాడు. "నన్ను ముట్టుకున్నారంటే మిమ్మల్నీ అందులోనే పెడతాను" అని ఆమె పొయ్యి చూపించింది.

వీళ్ల గొడవ ఇలా మంట మీద ఉండగానే అసలు సంగతి చెప్పుకోవాలి.

బొంగరం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. తండ్రి మేస్త్రికి ఆ వీధిలో కర్రను మరమీద తిప్పి చెక్కే లేత్ షాపు ఉంది. కుర్చీ కాళ్లు, మంచం కోళ్లు, మెట్ల కటకటాలు, చదరంగం పావులు, ఏది గుండ్రంగా ఉండాలన్నా అక్కడ పుట్టాల్సిందే. మేస్త్రి పనితనం మామూలుది కాదు. ఆయన చిన్నప్పుడు తిప్పి వదిలిన బొంగరం ఒకటి ఇప్పటికీ ఎక్కడో తిరుగుతూనే ఉందనీ, చూడబోయినవాళ్లకు కళ్లు తిరిగాయే గానీ అది ఆగలేదనీ చెప్పుకుంటారు. కొడుకు కూడా ఏ మాట చెప్పబోయినా దాని చుట్టూ గిరగిరా తిరిగి, చెప్పకుండానే మొదటికొచ్చి నిలబడతాడు. వీధి ఊరుకుంటుందా? పేరు పెట్టేసింది.

మేస్త్రి షాపుకు ఒక నియమం ఉంది. తప్పని తెలిసిన సరుకు గడప దాటకూడదు. వెంట్రుకవాసి వంకర ఉన్నా సరే, కొనేవాడు "పర్లేదు లెండి" అని బతిమాలినా సరే, అది చీలి పొయ్యిలో పడాల్సిందే. వెనకటికి ఒక పెద్దమనిషికి అమ్మిన కుర్చీలో ఒక కాలు తేడా అని గుర్తొచ్చి, మేస్త్రి పరుగున వెళ్లి ఆయన కూర్చుని ఉండగానే ఆ కాలు ఊడబెరికి తెచ్చాడట. పాపం ఆ పెద్దమనిషి మొహమాటానికి సాయంత్రం దాకా గాల్లోనే కూర్చున్నాడట. నమ్మితే నమ్మండి.

ఇక గైడమ్మ. వీధి చివరనున్న సైన్సు మ్యూజియంలో ఒక గది ఖాళీగా పడి ఉంటే, దాన్ని పరమాణువు గదిగా మార్చే పని ఆమెకు అప్పగించారు. గది బాగా కుదిరితే ఉద్యోగం ఖాయం. కుదరకపోతే మ్యూజియం పెద్దసారుకు ఎప్పటినుంచో మనసున్న వంకర అద్దాలు అందులోకి వస్తాయి. మనిషిని లావుగా, పొట్టిగా చూపించి నవ్వించే అద్దాలు. అవి రావడమంటే ఆమె పెట్టె సర్దుకుని అమ్మావాళ్ల ఊరికి బస్సెక్కడమే. ఆ ఊరు ఎంత దూరమంటే, బస్సులో నిద్రపోయినవాడికి కల అయిపోయి, మళ్లీ ఇంకో కల మొదలైనా ఊరు రాదు.

ఆమె ఆ గదిలో ఐదు బల్లలు వేయించింది. పరమాణువు ఇలా ఉంటుందని మనుషులు ఏ కాలంలో ఎలా ఊహించుకున్నారో, ఒక్కో బల్ల మీద ఒక్కో కర్ర బొమ్మ. ఆ బొమ్మల పనే బొంగరానికి వచ్చింది. పని మొదలైన నాటినుంచి గైడమ్మ రోజూ కొలతలు చూసే మిషతో షాపుకు వచ్చేది. మన బొంగరం ఆమె వచ్చిన దగ్గరినుంచి వెళ్లేదాకా ఉలి తిరగేసి పట్టుకున్నా గమనించుకునేవాడు కాదు. ఆమె ఇంకాసేపు మాట్లాడాలంటే ఏం చేయాలి? ఏదో ఒకటి అడగాలి.

"ఇదేంటండీ, ఉత్త బంతి?"

"డాల్టన్ అని ఒక బడిపంతులండీ. దేన్నైనా ముక్కలు చేసుకుంటూ పోతే చివరికి ఇలాంటి గట్టి గుండు మిగులుతుందన్నాడు. ఇక అది పగలదు, అరగదు. ఇనుముకి ఒక బరువు గుండు, బంగారానికి ఇంకో బరువు గుండు."

"భలే. మరి అది నిజమేనా?"

"అబ్బే, తప్పు. వందేళ్లకి తేలిపోయింది."

వెనకాల మేస్త్రి లేత్ ఒక్క క్షణం ఆగి, మళ్లీ తిరిగింది.

పుచ్చకాయ రోజున కూడా ఇంతే. పరమాణువు లోపల ఎలక్ట్రాన్లు పుచ్చకాయలో గింజల్లా పొదిగి ఉంటాయన్నది థామ్సన్ గారి ఊహ అని చెప్పింది. నిజమేనా అని అడిగితే "తప్పే" అంది. నడిమధ్య చిన్న గింజ, చుట్టూ తిరిగే పూసలు రూథర్‌ఫర్డ్ ఊహ. అదీ తప్పేనట. మూడోసారి లేత్ ఆగింది, మళ్లీ తిరగలేదు. ఆమె వెళ్లాక మేస్త్రి కొడుకు వైపు చూసి, "విన్నావుగా" అని మాత్రం అన్నాడు. ఆ ఇంట్లో దానికి అర్థం గొడ్డలి తీయమని.

మర్నాడు పొద్దున్నే బొంగరం గొడ్డలి తీశాడు. తప్పు బొమ్మలు పెట్టి ఆమె నలుగురిలో నవ్వులపాలు కాకూడదనుకున్నాడు. ఇది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, మూడూ మళ్లీ చేయాలంటే ఆమె మళ్లీ మొదటి రోజునుంచి వస్తుంది. ఆ రెండో సగమే గొడ్డలికి పదును పెట్టింది.

సరే, మళ్లీ పొయ్యి దగ్గరికి వద్దాం.

"సోమవారం పొద్దున బడిపిల్లలు వస్తారు" అంటోంది గైడమ్మ, బట్టలకు అంటిన పొట్టు దులుపుకుంటూ. "ఆ గదిలో ఖాళీ బల్లలు చూస్తే పెద్దసారు మధ్యాహ్నానికే అద్దాలు దించుతారు. సాయంత్రానికి నేను బస్సులో ఉంటాను. చాలా? మీకు సంతోషమేనా?"

బొంగరం మూలనున్న కర్ర దుంగ అందుకున్నాడు. ఆమెను పదిరోజులు ఎక్కువ రప్పిద్దామనుకుంటే అసలుకే ఎసరొచ్చింది.

"ఇప్పుడే తిప్పేస్తానండీ! మూడూ తిప్పేస్తా!"

"తిప్పవు" అన్నాడు మేస్త్రి లోపలినుంచి వస్తూ. "తెలిసి తెలిసి తప్పు సరుకు మీద ఉలి పెట్టడం మన ఇంటా వంటా లేదు. అమ్మాయ్, సరైనదేదో అది గీసి తీసుకురా. కళ్లకద్దుకుని చేస్తాం."

"మేస్త్రి గారూ, ఇది వంకర కాలు లాంటి తప్పు కాదండీ!"

"తప్పుల్లో రకాలుంటాయా?"

"ఉండకేం?" అంది లోపలినుంచి నీళ్లు తెచ్చిన బొంగరం తల్లి. "మీరు చేస్తే పనితనం, మేం చేస్తే తప్పు. ఈ ఇంట్లో రెండు రకాలు. నువ్వు నీళ్లు తాగమ్మా. గంటనుంచీ అరుస్తున్నావు."

గైడమ్మ గ్లాసు ఖాళీ చేసి, మేస్త్రి వైపు తిరిగింది. పిల్లలకు చెప్పాల్సిన పాఠం ఆయన మీదే మొదలుపెట్టింది.

"పుచ్చకాయ చెప్పినాయన దగ్గర చదువుకున్న శిష్యుడే ఈ రూథర్‌ఫర్డ్. ఊదితే ఎగిరిపోయేంత పల్చటి బంగారు రేకు మీదికి తన దగ్గరి కుర్రాళ్ల చేత కంటికి కనపడని గుళ్లు కొట్టించాడు. గురువుగారి పుచ్చకాయే నిజమైతే అన్నీ దూసుకుపోవాలి. చాలావరకు పోయాయి కూడా. కొన్ని మాత్రం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరిగొచ్చాయి. అంటే లోపలెక్కడో గట్టి గింజ ఉందన్నమాట. మేస్త్రి గారూ, పుచ్చకాయ అనేది ముందు ఒకటి ఉండబట్టే కదా, ఆ తిరిగొచ్చినదాన్ని చూసి ఆయన నోరెళ్లబెట్టాడు? ముందు ఏమీ లేకపోతే దేన్ని చూసి ఆశ్చర్యపోతాడు?"

మేస్త్రి మీసం నిమురుకున్నాడు.

"శిష్యుడే గురువు సరుకు తప్పని చూపించాడా?"

"అవునండీ."

"గురువు బతికుండగానే?"

"ఆ. ఆ తరవాత ఈయన దగ్గరికి బోర్ అని ఇంకో కుర్రాడు వచ్చాడు. మీ పూసలు అలా తిరిగితే క్షణంలో గింజ మీద కూలిపోవాలి, మరి కూలట్లేదే అని, వాటికి గింజ చుట్టూ మెట్లు కట్టాడు. అది నాలుగో బల్ల."

"అదైనా నిలబడిందా?"

"కొన్నాళ్లే. అదీ తప్పే."

బొంగరం ఇక ఆగలేకపోయాడు.

"విన్నావా నాన్నా! అక్కడ గురువుల కళ్లముందే పరమాణువుల్ని మార్చిపారేస్తున్నారు. నేను కుర్చీ కాలికి ఒక్క గీత ఎక్కువ పెడదామంటే నువ్వు రెండ్రోజులు మాట్లాడవు!"

"కాలు నిలబడాలి గానీ దానికి ముస్తాబెందుకురా?"

"అదిగో! మొదలెట్టావు!"

తల్లి గ్లాసుతో గోడ మీద టకటక కొట్టింది. తండ్రీకొడుకులు నోరు మూశారు. మేస్త్రి పొయ్యిలోకి చూశాడు. అరబంతి బూడిదైపోయింది.

"అమ్మాయ్, నాకు కోపం తప్పు మీద కాదు. తప్పని దాచి అమ్మడం మీద. ప్రతి బొమ్మ ముందూ ఇది తప్పని పెద్దక్షరాలతో రాసి పెడతావా?"

ఆ అక్షరాలు చూస్తే పెద్దసారు ముఖం ఏ రంగుకు మారుతుందో గైడమ్మకు తెలుసు. అయినా ఇంకో దారి లేదు. "పెడతానండీ. ఎందుకు తప్పో కూడా రాస్తాను" అంది.

"అయితే ఒరేయ్, నువ్వే తిప్పు. నేను వేలు పెట్టను. గీతలే పెట్టుకుంటావో, గంటలే కట్టుకుంటావో నీ ఇష్టం."

మేస్త్రి నోట "నీ ఇష్టం" అన్న మాట రాగానే బొంగరం తల్లి ఇంట్లోకి వెళ్లి గడియారం సరిగా నడుస్తోందో లేదో చూసుకుంది.

శనివారం సాయంత్రానికి నాలుగు బొమ్మలూ లేచి నిలబడ్డాయి. పుచ్చకాయ పెంకు మీద బొంగరం ముద్దుగా చారలు దిద్దాడు. మేస్త్రి అటు వెళ్తూ చూసి, చూడనట్టు నటించి, మళ్లీ ఇటు వస్తూ చూశాడు. ఇక మిగిలింది ఐదో బల్ల. ఇప్పటి కాలపు పరమాణువు. దాని దగ్గర ఇద్దరికీ చుక్కెదురైంది.

"మబ్బులా ఉండాలండీ" అంది గైడమ్మ.

"కర్రతో మబ్బు ఎలా తిప్పనండీ? అసలు ఆ ఎలక్ట్రాను ఎక్కడుంటుందో గట్టిగా ఒక్క మాట చెప్పండి, అక్కడ మేకు కొడతా."

"చెప్పలేం. ఇక్కడ ఉండే అవకాశం ఎక్కువ, అక్కడ తక్కువ. అంతే."

"మా అమ్మ కూడా నాన్న గురించి ఇలాగే చెబుతుందండీ. షాపులో ఉండొచ్చు, టీ కొట్లో ఉండొచ్చు, వెళ్లి చూస్తే గానీ తెలియదని."

"నవ్వించకండి. నాకు ఏడుపొస్తోంది."

"పోనీ దూది పెడదామా?"

"దూది పెడితే పరుపుల షాపనుకుంటారు!"

"గాజు బుడగలు?"

"మళ్లీ బంతే కదా? ఎన్నిసార్లు చెప్పాలి మీకు, బంతి కాదు, బంతి కాదు, బంతి కాదు!"

మూడోసారి "కాదు" అంటూ ఆమె బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టింది. బల్ల మీదున్న సన్నటి రంపపు పొట్టు గుప్పున లేచింది. దాంతో ఆమెకు తుమ్ము వచ్చింది. తుమ్మంటే అలాంటిలాంటి తుమ్ము కాదు. వీధిలో మూడు సైకిళ్లు పక్కకు తప్పుకున్నాయి. మిగతా పొట్టు కూడా లేచింది. బయట అప్పుడే వాన వెలిసి, కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ ఎండలో పొట్టు మధ్యన చిక్కగా, అంచుల్లో పల్చగా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా నిలబడింది.

ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. తెరిచిన నోళ్లలోకి కొంత పరమాణువు పోయింది.

"ఇదే" అంది ఆమె దగ్గుతూ.

"ఇదేనా?" అన్నాడు బొంగరం తానూ దగ్గుతూ.

"పూర్తిగా ఇది కాదు. కానీ... ఇదే!"

"ఒక్క మాట మీద ఉండరా మీరు?" అని విసుక్కుంటూనే గాజు బోను కోసం పరుగెత్తాడు. రాత్రిలోగా దాని అడుగున చిన్న తోలుతిత్తి అమర్చాడు. తిత్తి నొక్కితే బోనులో పొట్టు మబ్బు లేస్తుంది.

సోమవారం వచ్చింది. పిల్లలకన్నా ముందు పెద్దసారు వచ్చారు. మొదటి బల్ల ముందున్న అట్ట చదివారు. "ఇది తప్పు." రెండో అట్ట చదివారు. "ఇదీ తప్పు." మూడోదాని దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, తప్పు కళ్లజోడులో ఉందేమోనని.

"ఏమిటమ్మా ఇది? టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లకి తప్పులు చూపిస్తామా? ఇంతకన్నా నా అద్దాలే నయం. కనీసం అవి అబద్ధం ఆడుతున్నామని రాసుకోవు!"

"సార్, పిల్లల్ని ఒక్కసారి రానివ్వండి. తరవాత మీ ఇష్టం."

బొమ్మలు మోసుకొచ్చిన బొంగరం గుమ్మం పక్కన నిలబడి ఇదంతా విన్నాడు. వాడి కళ్లముందు బస్సు కదిలిపోతోంది.

పిల్లలు తోసుకుంటూ వచ్చారు. మామూలుగా మ్యూజియంలో పిల్లలు అద్దాల మీద ముక్కులు ఆనించి, ఆవులించి, వాటర్ కూలర్ దగ్గరికి పోతారు. ఇక్కడ మొదటి అట్ట చదివిన పిల్ల "ఒసేయ్, ఇది తప్పంట!" అని అరిచింది. అంతే. ఎందుకు తప్పో చూడటానికి గుంపంతా రెండో బల్ల మీద పడింది. "ఇదీ తప్పేనంట్రోయ్!" అని మూడో బల్లకు పరుగు. పెద్దవాళ్లు తప్పు చేశారని అచ్చక్షరాల్లో రాసిపెట్టిన చోటు వాళ్లకు జన్మలో దొరకలేదు మరి. ఒకడు పుచ్చకాయ నిజమేనని వాదించాడు. ఇంకొకడు పూసలు కూలిపోతాయని వాడి నెత్తిన మొట్టాడు. తిత్తి నొక్కడానికి వరస కట్టారు. టీచరు పిలిచినా బయటకు రాలేదు.

చివరికి పెద్దసారు తానే ఆ వరసలో నిలబడ్డారు. వంతు వచ్చాక తిత్తి నొక్కి, మబ్బు లేవడం చూసి, "ఇదైనా సరైనదేనా?" అన్నారు నీరసంగా.

అబద్ధమాడితే ఉద్యోగం ఖాయం. అది గైడమ్మకూ తెలుసు.

"ఇప్పటికి మన దగ్గరున్నవాటిలో ఇదే మంచిది సార్. రేపు ఈ పిల్లల్లో ఎవరైనా వచ్చి తప్పంటే, దీని ముందూ అట్ట పెట్టాల్సిందే."

పెద్దసారు తల పట్టుకున్నారు. "ఇక అద్దాలెందుకు? వీళ్లు తప్పులు చూసే ఇంత నవ్వుతున్నారు. నీ కాగితాల మీద సంతకం పెడతా, మధ్యాహ్నం వచ్చి తీసుకో. ఒరేయ్, తోయకండిరా, నేనింకోసారి నొక్కాలి!" అన్నారు.

ఆమె బయట మెట్ల మీదికి వచ్చేసరికి బొంగరం అక్కడే గిరగిరా తిరుగుతున్నాడు.

"ఉద్యోగం ఖాయమైంది" అంది.

"విన్నానండీ. అంటే... మీరు ఇక్కడే... మరి నేనొక మాట... ఆ పొయ్యి సంగతి ఉందే... వానల్లో కర్ర ఎలా ఉంటుందంటే..."

"చుట్టూ తిరగకుండా చెబుతారా, లోపలికి పోనా?"

"కావాలనే కాల్చానండీ!" అనేశాడు. "నాన్న చెప్పాడన్నది సగమే. మళ్లీ చేయాల్సొస్తే మీరు మళ్లీ వస్తారని..."

ఆమె ముఖం ఎర్రబడింది. ఏ రకం ఎరుపో బొంగరానికి అంతుపట్టలేదు.

"నన్ను రప్పించడానికి మూడు పరమాణువులు తగలబెట్టారా? ఎంత పనికిమాలిన తెలివండీ! నేను రోజూ కొలతలు చూడటానికి వచ్చాననుకున్నారా? బంతికి ఏం కొలతలుంటాయి? గుండ్రంగా ఉందని చూడటానికి వారం పడుతుందా? ఆ వానలో, ఆ బురదలో, పొట్టులో తుమ్ముకుంటూ... నోటితో రమ్మంటే రానా?"

బొంగరం ఆమె అన్నది లోపల ఒకసారి తిప్పి చూసుకున్నాడు. రెండోసారి తిప్పాక అర్థమైంది. అర్థమయ్యేసరికి మెట్టు తప్పి, ఒక మెట్టు కింద తేలాడు.

ఆమె అప్పటికే ఫోను తీసి వాళ్లమ్మకు కలిపింది.

"అమ్మా, ఉద్యోగం ఖాయమైంది... ఆ, ఇంకోటి కూడా ఖాయమయ్యేట్టుంది... అబ్బాయేనమ్మా, ఇంకేముంటుంది!... వాళ్ల నాన్నకి లేత్ షాపు... మంచివాళ్లే. వాళ్లమ్మయితే మరీను... చూడ్డానికా? ప్రస్తుతం నా ముందు చెమటలు కక్కుతున్నాడు. ఇదిగో, నువ్వే మాట్లాడు."

ఫోను బొంగరం చేతికొచ్చింది. వాడు దాన్ని ఉలి పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. "నమస్కారమండీ" అన్నాడు. తరవాత "అవునండీ" అన్నాడు. తరవాత "అబ్బే, నేను తాగనండీ" అన్నాడు. తరవాత చాలాసేపు ఊఁ కొట్టాడు. చివరికి ఫోను తిరిగిచ్చాడు.

"ఏమందీ అమ్మ?"

"ఆదివారం మా అమ్మానాన్నల్ని తీసుకుని రమ్మందండీ."

"మరి? వస్తారా?"

"నోటితో రమ్మంటే రానా!" అన్నాడు బొంగరం. పుట్టిన తరవాత ఒక మాటను తిన్నగా చెప్పడం వాడికి అదే మొదటిసారి.